1984 బిల్‌బోర్డ్ హాట్ 100 వార్షిక జాబితా: ర్యాంకుల వరుసలో విన్నాక ఒక సమీక్ష

అమెరికాలో ఒక ఏడాది పొడవునా జనం నోళ్లలో నానిన పాటలేవో తెలుసుకోవాలంటే అందరూ ముందుగా చూసేది బిల్‌బోర్డ్ పత్రిక ఏడాది చివర ప్రకటించే హాట్ 100 వార్షిక జాబితానే. పాటల యాప్‌లు వచ్చాక ఆ పాత జాబితాలన్నీ ప్లేలిస్టులుగా మారాయి. ఏ సంవత్సరం పేరు కొట్టినా వంద పాటలూ వరుసగా వచ్చి కూర్చుంటాయి. వాటిలో 1984 జాబితాను నేను కావాలనే ఎంచుకున్నాను. హిట్ పాట అంటే సినిమా పాటే అనుకుని పెరిగిన మనకు, సినిమాతో సంబంధం లేకుండానే గాయకులు తారలయ్యే అమెరికా సంగీతం ఎంతో కొంత పరాయిగా తోచడం సహజం. 1984లో మాత్రం అక్కడి జనం కూడా మనలాగే థియేటర్ నుంచి పాటను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లారు. మొదటి పది పాటల్లో నాలుగు సినిమా పాటలే. ఈ జాబితా తెలుగు శ్రోతకు ఎంతవరకు పనికివస్తుంది, ప్లేలిస్టుగా దాన్ని అందించిన తీరు ఎలా ఉంది అన్న రెండు విషయాలకే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

ముందుగా మొదటి పది స్థానాలు చెప్పుకుందాం. ప్రిన్స్ పాడిన 'వెన్ డవ్స్ క్రై' మొదటిది. ఆ తర్వాత వరుసగా టీనా టర్నర్ 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్', పాల్ మెకార్ట్‌నీ, మైకేల్ జాక్సన్ కలిసి పాడిన 'సే సే సే', కెనీ లాగిన్స్ 'ఫుట్‌లూజ్', ఫిల్ కాలిన్స్ 'అగెయిన్‌స్ట్ ఆల్ ఆడ్స్', వాన్ హేలెన్ బృందం 'జంప్', లయొనెల్ రిచీ 'హలో', యెస్ బృందం 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్', రే పార్కర్ జూనియర్ 'ఘోస్ట్‌బస్టర్స్', కల్చర్ క్లబ్ 'కర్మ కమీలియన్' వస్తాయి. ఈ పదీ హాట్ 100 వారపు జాబితాలో ఏదో ఒక వారం మొదటి స్థానంలో నిలిచినవే కాబట్టి, వీటిలో ఒక్కటి కూడా ఊరికే చోటు సంపాదించిందని అనడానికి వీల్లేదు.

మొదటి పాట దగ్గరే శ్రోత కాసేపు ఆగిపోతాడు, ఆగాలి కూడా. 'వెన్ డవ్స్ క్రై'లో బేస్ గిటార్ లేదు. డాన్స్ పాటకు పునాది లాంటి ఆ వాయిద్యాన్ని ప్రిన్స్ ముందు రికార్డు చేసి, ఆఖరి మిక్సింగ్‌లో తీసేశాడు. శ్రుతి పెట్టె ఆపేసి కచేరీ కొనసాగించడం లాంటి సాహసం అది. పాట ఎలా మొదలవుతుందో గమనించండి: గిటార్ మీద ఒక విసురు, వెంటనే డ్రమ్ మెషీన్ పొడి దెబ్బలు, తర్వాత మనిషి గొంతునే వాయిద్యంగా వాడుకున్న ఒక చిన్న అరుపు, ఆ పైన కీబోర్డు మీద ఒక పలుకు. కింద ఏమీ లేకపోవడం వల్ల గొంతులోని ప్రతి వణుకూ, ఊపిరి తీసుకున్న చప్పుడూ బయటపడతాయి. తల్లిదండ్రుల తగవులు తనలోనూ దిగాయేమోనని భయపడే ప్రేమికుడి పాటకు ఆ ఖాళీ ఎంత అవసరమో నాలుగైదుసార్లు వింటే గాని తెలియదు. వాయిద్యాలన్నీ ప్రిన్స్ ఒక్కడే వాయించాడు. తాను నటించిన 'పర్పుల్ రెయిన్' చిత్రం కోసం చేసిన ఈ పాట, ఆ సినిమా జూలై 27న విడుదలయ్యేనాటికే మొదటి స్థానంలో ఉంది. 5 వారాలు అక్కడే నిలిచింది. సినిమాకు ముందే పాట వచ్చి జనాన్ని థియేటర్ వైపు నడిపించే పద్ధతిని మనవాళ్లకు కొత్తగా వివరించనక్కరలేదు.

రెండో స్థానంలోని టీనా టర్నర్ పాట నా దృష్టిలో ఈ జాబితాకే తలమానికం. 1960లలో, 70ల మొదట్లో భర్త ఐక్ టర్నర్‌తో కలిసి వేదికలను ఊపేసిన ఆమె, 1976లో అతను పెట్టే హింస నుంచి బయటపడి వచ్చేశాక చాలాకాలం క్లబ్బుల్లో, హోటళ్లలో పాడుకుంటూ నెట్టుకొచ్చింది. రికార్డు కంపెనీలు ఆమె పని అయిపోయిందనే అనుకున్నాయి. టెరీ బ్రిటెన్, గ్రహం లైల్ రాసిన ఈ పాట కూడా మొదట ఆమె కోసం పుట్టింది కాదు. క్లిఫ్ రిచర్డ్ వద్దన్నాడు, బక్స్ ఫిజ్ అనే బృందం రికార్డు చేసి పక్కన పెట్టింది, చివరికి టీనాకు వచ్చినా ఆమెకే మొదట నచ్చలేదు. 1984 సెప్టెంబర్ 1న అది అమెరికాలో మొదటి స్థానానికి చేరేనాటికి ఆమె వయసు 44 ఏళ్లు. అంతవరకు ఆమెకు ఒక్క నంబర్ వన్ పాటా లేదు, ఆ తర్వాతా రాలేదు. మామూలుగా గొంతు చించుకుని పాడే మనిషి ఇందులో మొదటి చరణమంతా పళ్ల బిగువున ఆపుకుంటూ, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడుతుంది; పల్లవి చివర ఒక్కచోట మాత్రం ఆ గరుకుదనం బయటికి పొంగుతుంది. ప్రేమతో పనేముంది అని అడిగే స్త్రీ గొంతులో వెటకారం ఎంత, గాయం ఎంత అన్నది విన్న ప్రతిసారీ మారుతున్నట్టు ఉంటుంది. మరుసటి ఏడాది సంగీతానికి ఇచ్చే గ్రామీ అవార్డుల వేడుకలో ఈ పాటకు రికార్డ్ ఆఫ్ ద ఇయర్, సాంగ్ ఆఫ్ ద ఇయర్ రెండూ దక్కాయి.

ఇక సినిమా పాటల సంగతి. 1985 మార్చిలో జరిగిన ఆస్కార్ వేడుకలో ఉత్తమ పాట విభాగానికి ఎంపికైన ఐదు పాటలూ హాట్ 100లో మొదటి స్థానం పొందినవే. ఫిల్ కాలిన్స్ పాట, 'ఘోస్ట్‌బస్టర్స్', 'ఫుట్‌లూజ్' చిత్రం నుంచి రెండు, స్టీవీ వండర్ 'ఐ జస్ట్ కాల్డ్ టు సే ఐ లవ్ యూ' పోటీపడగా, బహుమతి స్టీవీ వండర్‌కు వెళ్లింది. ప్రిన్స్‌కు వేరే విభాగంలో, పాటలతో కూడిన సంగీతానికి ఆస్కార్ వచ్చింది. అప్పటికే హిట్టయిన తన పాటను ఆ వేదికపై తానే పాడాలని ఫిల్ కాలిన్స్ ఆశపడితే నిర్వాహకులు ఆ అవకాశం నర్తకి ఆన్ రైన్‌కింగ్‌కు ఇచ్చారు, ఆయన సభలో కూర్చుని వినవలసి వచ్చింది. నేపథ్య గాయకులకు మన సభల్లో జరిగే మర్యాదలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆ 'ఫుట్‌లూజ్' కథ కూడా చెప్పుకోదగినదే. డాన్సు నిషేధించిన ఒక చిన్న ఊళ్లోకి పట్నం కుర్రాడు రావడం ఇతివృత్తం. ఓక్లహోమా రాష్ట్రంలోని ఎల్మోర్ సిటీ అనే ఊరి నిజ సంఘటన దానికి మూలం. స్క్రిప్టు రాసిన డీన్ పిచ్‌ఫర్డే పాటలన్నింటికీ సాహిత్యంలో చేయి వేశాడు కాబట్టి, మామూలుగా హాలీవుడ్ పాటల్లో కనిపించని సందర్భశుద్ధి ఇందులో ఉంది. పాటను కథలోంచి విడదీసి విన్నా కాలు ఆడుతుంది, కథ తెలిసి వింటే ఇంకా బాగుంటుంది. నెలల తరబడి ఆల్బమ్‌ల జాబితాను ఏలిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను 1984 ఏప్రిల్‌లో గద్దె దించింది ఈ సినిమా సౌండ్‌ట్రాకే. 'ఘోస్ట్‌బస్టర్స్' గురించి అంత చెప్పడానికి లేదు. పల్లవిలో ప్రశ్న వేస్తే గుంపు సమాధానం అరిచే సరదా పాట అది. తన పాటలోని బాణీని వాడుకున్నారని హ్యూయీ లూయిస్ కోర్టుకెక్కడం, చివరికి బయట రాజీ కుదరడం పాట కంటే ఎక్కువ ఆసక్తికరంగా ఉంటాయి.

జాబితాలో నాకు అసలు పేచీ ఉన్నది ర్యాంకులతో. వార్షిక ర్యాంకు అంటే ఆ ఏడాది ఎక్కువగా అమ్ముడుపోయిన పాట అని చాలామంది అనుకుంటారు. నిజానికి వారం వారం ఒక పాట ఏ స్థానంలో ఉందో దాన్నిబట్టి పాయింట్లు వేసి, ఏడాది చివర కూడగా వచ్చిన లెక్క అప్పట్లో అది. ఆ వారపు స్థానాలకు ఆధారం కూడా రికార్డు దుకాణాలు, రేడియో స్టేషన్లు పత్రికకు చెప్పిన వరుసలే. బార్‌కోడ్ ద్వారా నిజమైన అమ్మకాలను లెక్కించి హాట్ 100 తయారుచేయడం 1991 చివర్లో గాని మొదలుకాలేదు. పైగా డిసెంబరు సంచిక అచ్చుకు సిద్ధం కావాలి కనుక బిల్‌బోర్డ్ వారి సంవత్సరం దాదాపు నవంబర్‌లో మొదలై అక్టోబర్ చివరికి ముగుస్తుంది. దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. మూడో స్థానంలోని 'సే సే సే' తన 6 వారాల ఏలుబడిని 1983 డిసెంబర్ 10న మొదలుపెట్టి, జనవరి మధ్యకల్లా ముగించింది. 12వ స్థానంలోని లయొనెల్ రిచీ 'ఆల్ నైట్ లాంగ్' మొదటి స్థానంలో ఉన్న 4 వారాలూ 1983 నవంబర్, డిసెంబర్ నెలల్లోవే. మరోవైపు, 1984 నవంబర్‌లో మొదటి స్థానంలో ఉన్న వామ్ బృందం పాట 'వేక్ మీ అప్ బిఫోర్ యూ గో గో', డిసెంబర్ 22న అక్కడికి చేరిన మడోనా 'లైక్ ఎ వర్జిన్' 1985 జాబితాలోకి జరిగిపోయాయి. మడోనా ఆ పాటను సెప్టెంబర్‌లో పాటల వీడియోల ఛానల్ ఎంటీవీ జరిపిన మొట్టమొదటి అవార్డుల వేడుకలో పాడి దేశమంతా గోల పుట్టించిన మాట నిజమే అయినా, 1984 జాబితాలో ఆ పాట ఊసే ఉండదు. పాత రోజుల్లో రేడియో సిలోన్ బినాకా గీత్‌మాలా వార్షిక కార్యక్రమం కోసం చెవులు రిక్కించిన తరానికి ఇలాంటి లెక్కల మీద జరిగే వాదులాటలు కొత్తేమీ కాదు.

ర్యాంకు ఎంతగా దారి తప్పిస్తుందో చూపడానికి 14వ స్థానంలోని బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట 'డాన్సింగ్ ఇన్ ద డార్క్' చాలు. 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' ఆల్బమ్ పూర్తయిందనుకున్నాక, ఇందులో రేడియోకి పనికొచ్చే పాట లేదని మేనేజర్ జాన్ లాండౌ పట్టుబట్టడంతో, విసుగుతో ఒక్క రాత్రిలో రాసిన పాట ఇది. రాయలేకపోతున్న రచయిత చిరాకే అందులోని వస్తువు. ఉషారైన సింథసైజర్ బాణీ కింద, అద్దంలో తన ముఖం చూసుకుని రోత పుట్టిన మనిషి మాటలు వినిపిస్తాయి. ఇది 4 వారాలు రెండో స్థానంలోనే ఆగిపోయింది. ముందు డ్యురాన్ డ్యురాన్ బృందం 'ద రిఫ్లెక్స్', ఆ తర్వాత ప్రిన్స్ పాట అడ్డుపడ్డాయి. జూలైలో ఆల్బమ్‌ల జాబితాలో స్ప్రింగ్‌స్టీన్, పాటల జాబితాలో ప్రిన్స్ మొదటి స్థానాల్లో కూర్చుని ఉన్నారు. ఈ పాట వీడియోను బ్రయన్ డి పాల్మా చిత్రీకరించింది మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో. నది దాటితే ప్రిన్స్ సొంత ఊరు మినియాపొలిస్ వస్తుంది. హాట్ 100లో మొదటి స్థానం స్ప్రింగ్‌స్టీన్ గాయకుడిగా ఎన్నడూ చూడలేదు. జాబితాలో 14 అన్న అంకె ఈ పోటీ కథను చెప్పదు.

మిగతా పాటల్లో బ్రిటన్ నుంచి వచ్చిన సరుకే ఎక్కువ. అందుకు ఎంటీవీ ముఖ్య కారణం. 1981 ఆగస్టులో ఆ ఛానల్ మొదలైనప్పుడు వీడియోలు సిద్ధంగా ఉన్నది ప్రధానంగా బ్రిటిష్ బృందాల దగ్గరే, ఆ పంట 1984లోనూ కోతకు వస్తూనే ఉంది. కల్చర్ క్లబ్ గాయకుడు బాయ్ జార్జ్ వేషం చూడకుండా 'కర్మ కమీలియన్' వింటే అది పొందికైన, కాస్త తేలికైన పాట మాత్రమే. యెస్ బృందం సంగతి వేరు. ఒక్కో పాటను 18 నిమిషాలకు సాగదీసిన ఆ పాతకాపులను, నిర్మాత ట్రెవర్ హార్న్ నాలుగున్నర నిమిషాల్లోకి కుదించి, మధ్యలో ఉలిక్కిపడేలా ఆర్కెస్ట్రా తునకలు అతికించాడు. వాళ్లకు దక్కిన ఏకైక నంబర్ వన్ అదే. 'జంప్'లో గిటార్ వీరుడు ఎడీ వాన్ హేలెన్ ముందుగా కీబోర్డు అందుకోవడం రాక్ అభిమానులకు మింగుడుపడలేదు గానీ, 5 వారాల నంబర్ వన్ ముందు ఆ గొణుగుడు ఎవరికీ వినిపించలేదు. 'హలో' నాకు ఇప్పటికీ మరీ తీపిగానే అనిపిస్తుంది.

సిండీ లాపర్ పాటలు రెండు, 15, 17 స్థానాల్లో ఉన్నాయి. 'గర్ల్స్ జస్ట్ వాంట్ టు హావ్ ఫన్'ను మొదట రాబర్ట్ హజార్డ్ మగవాడి వైపు నుంచి రాశాడు. ఆమె మాటలు అటూ ఇటూ మార్చి దాన్ని ఆడపిల్లల పాటగా చేసుకుంది. 'టైమ్ ఆఫ్టర్ టైమ్' మాత్రం ఆమె రాబ్ హైమన్‌తో కలిసి రాసిన నెమ్మదైన పాట. ఈ రెండూ వరుసగా వింటే ఒకే గొంతులో ఇంత దూరం ఉందా అనిపిస్తుంది. మైకేల్ జాక్సన్ మొదటి పదిలో సగం పాటతోనే కనిపించడం చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. 'థ్రిల్లర్' సింగిల్స్‌లో, అంటే ఆ ఆల్బమ్ నుంచి విడిగా విడుదలైన పాటల్లో, చాలా భాగం 1983లోనే హోరెత్తాయి. 'థ్రిల్లర్' పాట వీడియో ప్రభావంతో 1985లో మన 'దొంగ' చిత్రంలో చిరంజీవి వేసిన స్టెప్పులు మాత్రం తెలుగు ప్రేక్షకులకు ఆ ఏడాది అమెరికా సంగీతంతో కలిగిన నిజమైన పరిచయం. ఇక న్యూయార్క్ వీధుల్లో అప్పటికే మారుమోగుతున్న ర్యాప్‌కు ఈ జాబితా పైవరుసల్లో చోటే లేదు. రన్ డీఎమ్‌సీ అనే ర్యాప్ బృందం తొలి ఆల్బమ్ 1984లోనే వచ్చింది.

ప్లేలిస్టు నాణ్యత గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. నేను విన్న యాప్ పేరు ఇక్కడ అనవసరం, ఇలాంటి లోపాలు ఎక్కడైనా ఎదురుకావచ్చు. అన్నిటికంటే పెద్ద తప్పు 'సే సే సే' దగ్గర జరిగింది: 1983 నాటి రికార్డుకు బదులు 2015లో విడుదలైన రీమిక్స్ పెట్టారు. అందులో మెకార్ట్‌నీ పాడవలసిన పాదాలు జాక్సన్, జాక్సన్‌వి మెకార్ట్‌నీ పాడతారు, నిడివి కూడా చాలా ఎక్కువ. విడిగా వింటే అది ముచ్చటైన ప్రయోగమే కానీ, 1984లో జనం విన్న పాట మాత్రం అది కాదు. 'వెన్ డవ్స్ క్రై'కి రేడియోలో మోగిన 4 నిమిషాల లోపు సింగిల్ కాకుండా, దాదాపు 6 నిమిషాల ఆల్బమ్ రూపం ఉంది. ఆఖర్లోని కీబోర్డు విన్యాసం వినిపిస్తుంది కాబట్టి దీన్ని నేను తప్పుపట్టను. కింది వరుసల్లో రెండు మూడు పాటలు గాయకులు వయసు మీరాక మళ్లీ పాడిన రికార్డులు. డ్రమ్ము శబ్దం వినగానే తేడా తెలిసిపోతుంది, పేరు దగ్గర ఎక్కడా ఆ మాట రాయలేదు. కొన్ని పాటలు మన దేశంలో అందుబాటులో లేవని బూడిద రంగులో పడి ఉన్నాయి. గీత రచయితల పేర్లు చూడాలంటే నాలుగు చోట్ల నొక్కాలి. చందా కట్టనివారికి 'అగెయిన్‌స్ట్ ఆల్ ఆడ్స్' ముగిసీ ముగియగానే సబ్బు ప్రకటన వస్తుంది, ఆ పాట మిగిల్చిన దిగులు అక్కడితో సరి. రీమాస్టర్ చేసిన రికార్డుల వల్ల పాటకూ పాటకూ మధ్య శబ్దం హెచ్చుతగ్గులు కూడా ఉన్నాయి. సెట్టింగుల్లో వాల్యూమ్ సమం చేసే మీట ఉంటే దాన్ని పెట్టుకోవడం మంచిది.

జాబితాకు ఐదింట నాలుగు, ప్లేలిస్టుగా దాన్ని అందించిన తీరుకు రెండున్నర ఇస్తాను. ఇంగ్లిష్ పాటలు కొత్తగా వినేవారికి మొదటి ఇరవై చాలు, యాభై దాటాక చరిత్ర మీద మోజు ఉన్నవారికి తప్ప ఓపిక మిగలదు. ర్యాంకుల వరుసలో వినవద్దని మాత్రం గట్టిగా చెబుతాను, అవి ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో దాచేస్తాయి. మొదటి స్థానానికి చేరిన తేదీల ప్రకారం సొంతంగా ఒక జాబితా చేసుకోండి: జనవరిలో 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్', ఫిబ్రవరిలో 'కర్మ కమీలియన్', నెలాఖరున 'జంప్', మార్చి చివర 'ఫుట్‌లూజ్', ఏప్రిల్‌లో 'అగెయిన్‌స్ట్ ఆల్ ఆడ్స్', మేలో 'హలో', జూన్‌లో 'టైమ్ ఆఫ్టర్ టైమ్', 'ద రిఫ్లెక్స్', జూలైలో ప్రిన్స్, ఆగస్టులో 'ఘోస్ట్‌బస్టర్స్', సెప్టెంబర్‌లో టీనా టర్నర్, అక్టోబర్‌లో స్టీవీ వండర్. ప్రిన్స్ పాటకు ముందు 'డాన్సింగ్ ఇన్ ద డార్క్' చేర్చండి, చివర వామ్, మడోనా పాటలను 1985 జాబితా నుంచి తెచ్చి పెట్టండి. 'సే సే సే' కావాలనుకుంటే అన్నిటికంటే ముందు పెట్టుకోవచ్చు, 1983 నాటి అసలు రికార్డు అవునో కాదో నిడివి చూసుకుని మరీ.